మూడు, ఒకటి, సున్నా, మూడు

లెక్కల లెక్చరర్లుగా కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తారు. బోర్డు ఎలా వాడాలి, క్లాసును ఎలా అదుపులో పెట్టాలి అని అడుగుతారు. అవి రెండేళ్ళలో వాటంతట అవే వస్తాయి. వాళ్ళు అడగనివి రెండున్నాయి. మన పని అర్థమయ్యే మనిషి చుట్టుపక్కల ఒక్కరూ లేనప్పుడు ఏళ్ళ తరబడి ఎలా పనిచెయ్యాలి? మన తప్పు మరొకరి మీద పడుతున్నప్పుడు నోరెలా తెరవాలి? మొదటిది నాకు భగవంతుడు ఏదోలా నేర్పాడు. రెండోది నాగమణి అనే విద్యార్థిని నేర్పింది. నేను నేర్చుకునేసరికి ఆలస్యమైంది.

నాకొచ్చిన ఇంక్రిమెంట్లు, నేను కూర్చున్న కమిటీలు ఇక్కడ రాయను. వాటివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

గోష్ఠిలో చదువు

మాది బాపులపాడు దగ్గర ఒక చిన్న ఊరు. వేణుగోపాలస్వామి గుళ్ళో అర్చకత్వం మా ఇంటి వృత్తి. ఐదో ఏట నుంచి నాన్నగారు నాకు వేదం చెప్పారు. పుస్తకం లేదు. ఆయన ఒకసారి అంటే నేను రెండుసార్లు అనాలి. ముందు మాటలు వరసగా రావాలి. అవి వచ్చాక జతలుగా, ముందుకీ వెనక్కీ. చివర్న ఘన. మూడు మాటలుంటే ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, మళ్ళీ ఒకటి-రెండు-మూడు. ఇలా తిప్పి తిప్పి చెబితే ఒక్క అక్షరం కూడా జారిపోదని పెద్దల నమ్మకం. ఆ నమ్మకం నాకు ఇప్పటికీ ఉంది. ప్రస్తారాలు అనే పాఠం కాలేజీలో వినడానికి చాలా ముందే వాటిని నా నాలుక తిప్పింది.

ధనుర్మాసంలో గుళ్ళో గోష్ఠి జరిగేది. ఇరవై మంది రెండు వరసల్లో ఎదురెదురుగా కూర్చుని పాశురాలు చెప్పేవాళ్ళు. ముందు గొంతు నాన్నగారిది. ఒక ఏడు ఆయన ఒక పాదం వదిలేశారు. ఆయన వదిలితే గోష్ఠి మొత్తం ఆయన వెంటే వెళ్ళిపోయింది. మండపం మెట్ల కింద దండలు కట్టే కోటమ్మ తలెత్తింది.

"అయ్యవారూ, ఒక ముక్క ఎగిరిపోయిందండీ."

"నీకెందుకే, నీ దండ నువ్వు కట్టుకో" అని వరసలోంచి ఎవరో కసిరారు.

నాన్నగారు చెయ్యెత్తి గోష్ఠిని ఆపారు. "ఎక్కడమ్మా?" అని అడిగారు. ఆమె చెప్పింది. మొదటి నుంచీ మళ్ళీ చెప్పించారు. ఆ తర్వాత ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ పాదం దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగి కోటమ్మ వైపు చూసేవారు. ఆమె తల ఊపాకే ముందుకు కదిలేవారు. అప్పుడు నాకు పదేళ్ళు. గోష్ఠిలో ఇదొక వేడుక అనుకున్నాను.

మామిడి తోటల మధ్య

ఎనభైల మొదట్లో నూజివీడులో ఒక కాలేజీలో చేరాను. కాలేజీ పేరు రాయను. ఊరి చివర, మూడు వైపులా మామిడి తోటలు. పెళ్ళయిన నాలుగేళ్ళకే నా భార్య పోయింది. ఆ సంగతి ఇంతకన్నా రాయలేను. కాలేజీకి దగ్గర్లో ఒక గది తీసుకున్నాను. ఒక ఇత్తడి విగ్రహం, ఒక కిరసనాయిలు స్టవ్వు, రెండు పెట్టెల పుస్తకాలు. శనివారం సాయంత్రం బస్సెక్కి హనుమాన్ జంక్షన్ మీదుగా ఊరెళ్ళేవాణ్ణి. సోమవారం పొద్దున్నే మళ్ళీ వచ్చేవాణ్ణి.

మా హెడ్డు రంగారావు గారికి సొంతంగా బంగినపల్లి తోట ఉండేది. స్టాఫ్ రూములో పూత గురించీ తేనెమంచు పురుగు గురించీ తప్ప మరో మాట వినపడేది కాదు. నా పని గురించి ఆయన ఏడాదికొకసారి తప్పకుండా అడిగేవారు.

"ఆచార్యులు గారూ, ఈ ఏడు మీ పాలినామియల్స్ కాపెట్లా ఉందండీ? ఎన్ని బుట్టలు దిగాయి?"

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఆయన మంచి మనిషి. కానీ ఆ నవ్వు తర్వాత గదికి నడిచి వెళ్ళేటప్పుడు, ఈ మాటలు అర్థమయ్యే మనిషి ఇక్కణ్ణుంచి చింతలపూడి దాకా వెతికినా ఒక్కరుండరు గదా అనిపించేది.

నా పని ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. గోష్ఠిలో నలుగురు నాలుగు పీటల మీద కూర్చున్నారనుకోండి. లేచి పీటలు మార్చుకున్నారు. ఇరవై నాలుగు రకాలుగా మార్చుకోవచ్చు. అందులో ఆరు రకాల్లో నలుగురూ ఒకే గొలుసుగా తిరుగుతారు. ఎనిమిదింటిలో ముగ్గురు తిరిగి ఒకరు కదలరు. మూడింటిలో రెండు జతలు ఎవరికి వారు మార్చుకుంటారు. ఆరింటిలో ఒక జత మార్చుకుంటుంది, మిగతా ఇద్దరూ కూర్చునే ఉంటారు. ఒకదానిలో ఎవరూ కదలరు.

ఇక రెండో వైపు. వారాలు ఏడు దాటాక మళ్ళీ మొదటికి వచ్చినట్టు, సున్నా నుంచి నాలుగు దాకా ఐదు అంకెలే ఉండి, నాలుగు దాటగానే సున్నాకి వచ్చే లెక్క ఒకటుంది. దాన్ని ఐదు సంఖ్యల క్షేత్రం అంటాం. అందులో నాలుగో ఘాతం బహుపదులు, x⁴ ముందు ఒకటి ఉండేవి, ఆరు వందల ఇరవై ఐదు. కొన్ని అసలు విడిపోవు. కొన్ని మూడూ ఒకటిగా, కొన్ని రెండూ రెండుగా విడిపోతాయి. అంటే పీటలు మారిన నలుగురు గొలుసులుగా విడిపోయినట్టే. ఒకే భాగం రెండుసార్లు వచ్చేవి నూట ఇరవై ఐదు పక్కన పెడితే ఐదు వందలు మిగులుతాయి. వాటిలో విడిపోనివి నూట యాభై, రెండూ రెండుగా విడిపోయేవి నలభై ఐదు. పీటల లెక్కలో ఒకే గొలుసుది పావు వాటా. ఇక్కడ పావు కన్నా కొంచెం ఎక్కువ. క్షేత్రం పెద్దదయ్యే కొద్దీ ఈ వాటాలు పీటల వాటాలకి దగ్గరవుతూ పోతాయి. అంటే ఒక్కొక్క క్షేత్రం ఆ ఇరవై నాలుగు మార్పుల మీద, ఏ రకానికి ఎంత వాటా అని, తనదైన కొలత వేస్తుంది.

ఏ సంబంధమూ లేని రెండు చోట్ల ఒకే అమరిక ఉండడం చూసినప్పుడు, గర్భగుడిలో తెర తీసినప్పుడు కలిగే భావమే నాకు కలిగేది. ఆ భావాన్ని స్టాఫ్ రూములో ఎవరితో చెప్పుకోను?

పట్టీ

ఆరు వందల ఇరవై ఐదింటినీ ఒక్కొక్కటిగా విడదీసి ఒక పట్టీ రాశాను. కంప్యూటరు మా కాలేజీలో లేదు. ఒక్కొక్క బహుపదికి నాలుగంకెల గుర్తు, x⁴ తర్వాత వచ్చే నాలుగు గుణకాలు వరసగా. రోజూ సంధ్యావందనం అయ్యాక రెండు మూడు, సెలవుల్లో పదీ పన్నెండు. ఏడాది దాటింది.

దాన్ని సరిచూసుకున్న తీరే నా తప్పుకి మూలం. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. పట్టీ మొత్తం కంఠస్థం చేశాను. "మూడు ఒకటి సున్నా మూడు" అని గుర్తు చెప్పి, దాని రకం చెప్పి, ముందుకీ వెనక్కీ జతలుగా వల్లించాను. నోటికి పూర్తిగా వచ్చాక, వల్లించుకుంటూ మంచి పుస్తకంలోకి ఎత్తి రాశాను. రఫ్ కాగితాలు వేణ్ణీళ్ళ పొయ్యిలోకి పోయాయి. రాశాక ప్రతి నెలా ఒకసారి మొత్తం వల్లించి పుస్తకంతో పోల్చుకునేవాణ్ణి. ఎప్పుడూ ఒక్క అంకె తేడా రాలేదు. విడిపోనివి నూట యాభై రావాలని సూత్రం చెబుతుంది. నా పట్టీలోనూ నూట యాభై వచ్చాయి. ఇంకేం కావాలి?

వేదాన్ని కాపాడే పద్ధతి నా చేతిరాతను కూడా కాపాడుతుందనుకున్నాను. నిజమే, కాపాడింది. అందులో ఉన్న తప్పును కూడా అంతే భద్రంగా కాపాడింది.

నాగమణి

నాగమణి చాట్రాయి పిల్ల. తండ్రి మామిడి తోటల్లో కాపలా. తల్లి కోత రోజుల్లో కాయలు ఏరి రకాలు చేసే పనికి వెళ్ళేది. వాళ్ళ ఇంట్లో కాలేజీకి వచ్చిన మొదటి మనిషి ఈ అమ్మాయే. ఎమ్మెస్సీ మా దగ్గరే చేసింది. ఒకరోజు క్లాసు అయిపోయాక అందరూ వెళ్ళిపోతుంటే బల్ల దగ్గర నిలబడింది.

"సార్, ఐదు బదులు ఏడు తీసుకుంటే వాటాలు మారిపోతాయి గదండీ. మరి అవన్నీ ఎటు పోతాయండీ?"

ఆ ప్రశ్న కోసం నేను ఆరేళ్ళు ఎదురుచూశాను. ఆ రోజు చాట్రాయి ఆఖరి బస్సు వేళయ్యేదాకా బోర్డు మీద రాస్తూనే ఉన్నాను.

"సార్, ఇంక ఆపండి. ఇంకో బస్సు లేదండీ" అని తనే నవ్వింది.

ఎంఫిల్‌కి నా దగ్గరే చేరింది. ఆ రెండేళ్ళలో నేను మాట్లాడినన్ని మాటలు అంతకు ముందుగానీ తర్వాతగానీ మాట్లాడలేదు. వేసవిలో తల్లితోపాటు పనికి వెళ్ళి వచ్చేది. అందుకే ఆమె నోటు పుస్తకాల అంచుల నిండా మామిడి సొన మరకలుండేవి, నల్లగా, కడిగినా పోనివి. లెక్కలు మాత్రం ముత్యాల్లా ఉండేవి.

ఆమె పనిలో రెండో భాగానికి ఆరు వందల ఇరవై ఐదు సంఖ్యలున్న పెద్ద క్షేత్రం కావాలి. దాన్ని కట్టాలంటే అసలు విడిపోని నాలుగో ఘాతం బహుపది ఒకటి కావాలి. పట్టీ తెరిచి నేనే చూపించాను.

"ఇది తీసుకో. మూడు, ఒకటి, సున్నా, మూడు. మధ్యలో సున్నా ఉంది, లెక్క తేలిగ్గా నడుస్తుంది."

"సరేనండీ" అని రాసుకుంది.

ఇరవై నాలుగు అడుగులు

మార్చిలో ఒకరోజు వచ్చి నిలబడింది.

"సార్, x ని దానితోనే గుణించుకుంటూ వెళ్తే ఇరవై నాలుగు అడుగులకే మళ్ళీ ఒకటికి వచ్చేస్తందండీ. రాకూడదు గదండీ?"

రాకూడదు. బహుపది నిజంగా విడిపోనిదైతే ఇరవై నాలుగో అడుగున తిరిగి రావడం కుదరదు. ఆ మాట వినగానే నాకు అనుమానం కలగాల్సింది పట్టీ మీద. కానీ నేను ఏమన్నానో వినండి.

"నలుగురు పీటలు మార్చుకుంటే ఇరవై నాలుగని నీకు పదేపదే చెప్పాను కదా. అందుకే ఆ సంఖ్య నిన్ను పట్టుకున్నట్టుంది."

పక్కన ఉన్న ఇద్దరు లెక్చరర్లు నవ్వారు. ఏళ్ళ తరబడి నా మీద నవ్విన స్టాఫ్ రూము, మొదటిసారి నా మాటకి నవ్వింది. అది నాకు బాగుంది కూడా. దేవుడి ముందు ఒప్పుకోవలసిన మాటల్లో ఇదొకటి.

"పట్టీ ఒకసారి చూస్తారాండీ?" అంది మెల్లగా.

"నూట యాభై రావాలి, నూట యాభై వచ్చాయి. నెలనెలా వల్లిస్తున్నాను. ఒక్కటి తప్పయినా మొత్తం తప్పాలి. నీ గుణకారాలు మళ్ళీ చెయ్యి."

ఏప్రిల్లో మళ్ళీ చేసింది. ఇరవై నాలుగే. మేలో ఇంకోసారి, వేరే పుస్తకంలో, వేరే దారిలో. ఇరవై నాలుగే. మే చివరికి సమర్పించాలి. గడువు పెంచమని గైడు ఉత్తరం రాయాలి. నేను రాశాను. అందులో ఒక వాక్యం ఉంది: "విద్యార్థిని గణనలో దొర్లిన పొరపాట్ల వల్ల ఆలస్యమైనది." ఆ ఉత్తరం నాగమణే ఆఫీసుకి తీసుకెళ్ళి ఇచ్చింది.

జూన్ మొదటి వారంలో ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. రెండు చిన్న బహుపదులు. ఒకటి x²+x+1, రెండోది x²+2x+3. గుణించి చూశాను. పైన మూడు, తర్వాత ఒకటి, తర్వాత సున్నా, చివర మూడు. నేను విడిపోనిదని చెప్పింది చక్కగా రెండు ముక్కలైంది.

"ఇది ముందే ఎందుకు చేసి చూడలేదమ్మా? పది భాగహారాలే కదా."

"మీ పట్టీ తప్పనుకోవడం కన్నా నా లెక్క తప్పనుకోవడమే తేలికైందండీ నాకు" అంది.

నేను "సరే, మార్చేద్దాం" అన్నాను. ఉత్తరం సంగతి ఆమె అడగలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ వాక్యం

వారం తర్వాత కమిటీ కూర్చుంది. రంగారావు గారు, నేను, బయటి నుంచి వచ్చిన ఒక పెద్దాయన. నాగమణి ఎదురుగా నిలబడింది. పెద్దాయన నా ఉత్తరం చదివి కళ్ళద్దాలు తీశారు.

"గైడు గారే రాశారు కదమ్మా, నీ లెక్కల్లో పొరపాట్లని. ఏమంటావు?"

ఆమె నా వైపు చూసింది. నేను ఎదురుగా ఉన్న కాగితాలు సర్దుకోసాగాను. అవి సర్దే ఉన్నాయి.

"సార్ రాశారు గదండీ" అంది.

రెండు సంవత్సరాలకి కూడా లెక్క తేలని విద్యార్థికి మళ్ళీ గడువెందుకని పెద్దాయన అన్నారు. గడువు ఇవ్వలేదు. నాగమణి దండం పెట్టి వెళ్ళిపోయింది. గదిలో ఉన్నంతసేపూ నా నోటిలో మాట ఉంది. అది బయటికి రాలేదు. పదహారేళ్ళు వేదం చెప్పిన నోరు అది.

వరండాలో రంగారావు గారు నా పక్కన నడుస్తూ, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా అడిగారు.

"పొద్దున మీరు పట్టీలో బ్లేడుతో ఏదో గీకుతుంటే చూశానండీ. అదేనా?"

"చిన్న సవరణ."

"బుట్టలో కాయలు వంద ఉన్నాయని సరిపెట్టుకుంటే ఎట్లాగండీ? ఏ కాయ ఏదో చూడొద్దూ?" అని తన గదిలోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నా బహుపదుల కాపు గురించి ఆయన మరెప్పుడూ ఎగతాళి చెయ్యలేదు. ఆ ఎగతాళి కోసం నేను మొహం వాచిపోయిన రోజులున్నాయి.

గోష్ఠిలో మళ్ళీ

ఆ ధనుర్మాసంలో ఊరెళ్ళి గోష్ఠిలో కూర్చున్నాను. నాన్నగారి గొంతు బాగా సన్నబడింది. ఆ పాదం దగ్గర ఆయన ఆగారు. చూపు ఆనక, మెట్ల వైపు మొహం మాత్రం తిప్పారు. కోటమ్మ ముసలిదైపోయింది. తల ఊపి, ఆయనకి కనపడదని గుర్తొచ్చి, "ఆ, కానీయండి అయ్యవారూ" అంది.

ఇంటికొచ్చాక నాన్నగారికి అంతా చెప్పాను. ఆయనకి బహుపదులు తెలియవు. చివరిదాకా విని ఒక్కటే అడిగారు.

"ఒరే శేషూ, ఆ నలుగురి ముందూ చెప్పావా?"

"లేదు నాన్నగారూ."

"మరి ఆ పిల్ల ఎవరికి చెప్పుకుంటుందిరా?"

అంత విన్నా చాట్రాయి బస్సెక్కడానికి నాకు ఏప్రిల్ వచ్చింది. ఆలస్యానికి కారణం భయం. ఇంకో పేరు పెట్టను.

చాట్రాయి

తోటలో ఎండుగడ్డి పరిచి కాయలు పోశారు. ఆడవాళ్ళు నలుగురు కూర్చుని ఏరుతున్నారు. నాగమణి చెయ్యి చూడకుండానే పెద్దవి ఒక కుప్పకి, చిన్నవి ఒక కుప్పకి, దెబ్బ తిన్నవి పక్కకి వేస్తోంది. నన్ను చూసి లేచింది.

"మీరా సార్!"

"కూర్చోండి అయ్యగారూ, మంచం వాలుస్తా" అని వాళ్ళమ్మ హడావిడి పడింది. "మీ చదువేమోగానండీ, కాయ చేతిలో పట్టుకుని గొణుక్కుంటానే ఉంటదండీ. ఏదో సోకిందని దిష్టి కూడా తీయించా."

"అమ్మా, నువ్వుండవే!" అంది నాగమణి.

నేను మంచం మీద కూర్చోలేదు. "తప్పు నాది నాగమణీ" అన్నాను.

"తెలుసండీ."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెబుతారనుకున్నానండీ."

ఆ మాటకి కోపంగానీ ఏడుపుగానీ తోడు రాలేదు. కాయ ఒకటి తీసి కుప్పలో వేసింది. తనే అడిగింది.

"పట్టీ సరిచేశారాండీ?"

"అప్పుడే చేశాను."

"ఒక్కటేనా?"

"ఒక్కటే కదా తప్పు."

నా మొహం వంక చూసింది. పెద్దకాయల కుప్పలోంచి ఒకటి తీసి చిన్నవాటిలో వేసింది. "విడిపోనివి నూట యాభై ఉండాలండీ. మీ పట్టీలో నూట యాభయ్యే ఉన్నాయి. మూడు-ఒకటి-సున్నా-మూడు తీసేస్తే ఎన్ని?"

"నూట నలభై తొమ్మిది" అన్నాను.

"మరి ఇంకొకటి ఆ కుప్పలో పడి ఉండాలి గదండీ" అని చిన్నవాటిలోంచి ఒక పెద్దకాయ ఏరి పైకెత్తింది. "మొత్తం సరిపోయిందంటేనే ఇంకో తప్పుందని లెక్క."

పది నెలలుగా తప్పు పట్టీ పెట్టుకుని, సరిదిద్దానని నమ్ముతున్నాను.

"అది ఏదో నీకు తెలుసా?"

"తెలుసండీ. చెప్పను. నేను మూడుసార్లు చేశాను. మీరు ఒక్కసారి చెయ్యండి." తర్వాత నా వెనక రోడ్డు వైపు చూసి, "బస్సు టైమైందండీ. ఇది తప్పితే సాయంత్రం దాకా లేదు" అంది.

నలభై ఐదు గుణకారాలు

గదికొచ్చి పట్టీ మూసేశాను. ఒక తెల్ల కాగితం తీసుకుని విడిపోని రెండో ఘాతం బహుపదులు, అవి పదే, రాసి ప్రతి రెండింటినీ గుణించాను. నలభై ఐదు గుణకారాలు. వాటిని పట్టీలో రెండూ రెండుగా విడిపోయేవని రాసుకున్న నలభై ఆరింటి పక్కన పెట్టి చూశాను. ఒకటి పట్టీలో ఉంది, గుణకారాల్లో లేదు. అది ఒకటి, మూడు, సున్నా, మూడు. దాన్ని ఎంత విరిచినా విరగదు.

మూడు-ఒకటి, ఒకటి-మూడు. కంఠస్థం చేసేటప్పుడే నాలుక అలవాటుగా జత తిప్పింది. పుస్తకంలోనూ అలాగే ఒకదాని రకం రెండోదానికి రాశాను. ఆ రెండూ పీటలు మార్చుకున్నాయి. మొత్తం మాత్రం చెక్కుచెదరలేదు. ఒక పూట పని. ఆ పూట నాకు మూడేళ్ళు దొరకలేదు. అన్నేళ్ళూ వల్లించడానికి మాత్రం తీరిక ఉంది.

మర్నాడు ఉత్తరం రాసి రంగారావు గారికిచ్చాను. పట్టీలో రెండు తప్పులూ నావేనని, రెండూ నాగమణి పట్టుకుందని, నేను రాసిన వాక్యం అబద్ధమని, కమిటీలో నిజం తెలిసి ఊరుకున్నానని. ఆయన చదివి, "ఇది స్టాఫ్ మీటింగులో చదవాలండీ, తెలుసుగా" అన్నారు. నేనే నిలబడి చదివాను. ఎవరూ నవ్వలేదు. కమిటీ మళ్ళీ కూర్చుని ఆమెను తిరిగి చేర్చుకోవచ్చంది. ఆ మాట ఉత్తరంలో రాసి, నా దగ్గరికి రమ్మని అడిగాను. ఆమె నుంచి కార్డు వచ్చింది.

"సార్, నమస్కారం. చేరతానండీ. కానీ వేరే గైడు దగ్గర. మీ దగ్గర చేస్తే మీ మాట కాదనడం నాకు చేతకాదండీ."

వేరే ఊళ్ళో చేరింది. పూర్తి చేసింది. ఒక కాలేజీలో లెక్చరరైంది. సిద్ధాంత గ్రంథం కాపీ ఒకటి నాకు పోస్టులో పంపింది. ఎప్పటిలాగే లెక్కలు ముత్యాల్లా ఉన్నాయి. కృతజ్ఞతల్లో నా పేరు లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. చివర్న పట్టీ ఉంది. ఆరు వందల ఇరవై ఐదూ మొదటి నుంచి తనే చేసుకుంది.

మీ విద్యార్థి తెచ్చిన లెక్క మీ లెక్కతో పొసగనప్పుడు ముందు మీది తీసి చూడండి, ఆమె ఎదురుగానే. మొత్తం సరిపోయిందన్న ధైర్యంతో ఒక మనిషిని తప్పు పట్టకండి. కొలతకి ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది, ఏది ఏదో తెలియదు. అది దగ్గర కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. నాకు తెలిసింది ఇంతే.

నా తర్వాత ఆ కాలేజీలో ఈ విషయం ఎవరూ పట్టుకోలేదు. నేనిప్పటికీ ఆ గదికి దగ్గర్లోనే ఉంటున్నాను. పొద్దున్నే పూజ అయ్యాక వేదం కొంత, పట్టీ కొంత వల్లిస్తాను. అలవాటు పోలేదు. ఒకటి-మూడు-సున్నా-మూడు దగ్గరికి వచ్చేసరికి ఆగుతాను. తల ఊపడానికి ఎవరూ లేరు. కాసేపు చూసి, పక్కనున్న కాగితం మీద గుణకారాలు మళ్ళీ వేసుకుని, అది వాటిలో లేదని తేలాకే ముందుకు కదులుతాను.